నైరోబీలో కొసరు

(సంఘ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు నాకు అరగంట సమయం కేటాయించారు. 34 సంవత్సరాలు గుమాస్తాగిరీ చేసి, గడువు తేదీ అంటే భయభక్తులు అలవడినవాణ్ణి కనుక ఆ అరగంట దాటనని మొదటే మనవి చేసుకుంటున్నాను.

డి.ఎ. బకాయిల గురించి, హెల్త్ కార్డుల గురించి నాకన్నా బాగా తెలిసినవారు ఇప్పటికే మాట్లాడారు. నేను మాట్లాడబోయేది ఒక కూరగాయల కొట్టు గురించి. అదీ ఆఫ్రికా ఖండంలో ఉన్న కొట్టు. నవ్వకండి. దానికీ మన గ్రాట్యుటీ డబ్బుకూ సంబంధం ఉంది.

మన సభ్యుల ఇళ్లలో ఈమధ్య తరచుగా వినబడుతున్న మాట ఒకటుంది. అబ్బాయికి ఉద్యోగం నచ్చలేదు, చిన్న కొట్టు పెడతానంటున్నాడు. లేదా కోడలు కర్రీ పాయింట్ పెడతానంటోంది. పెట్టుబడి కోసం అందరూ ఇంటి పెద్దాయన బ్యాంకు పాసుబుక్కు వైపు చూస్తారు. జీవితమంతా పనిచేస్తే చేతికొచ్చిన సొమ్ము అది. ఇస్తే పోతుందేమోనని భయం, ఇవ్వకపోతే పిల్లల మనసు కష్టపడుతుందని బాధ. సాయంత్రం పార్కులో కూర్చున్నప్పుడు కనీసం అయిదారుగురు మిత్రులు ఈ విషయంలో నా అభిప్రాయం అడిగారు. నేను వ్యాపారం చేసినవాణ్ణి కాను. కాని ఒక చిన్న వ్యాపారం చుట్టూ మనుషులు ఎలా చేరతారో, కష్టకాలంలో ఆ మనుషులే దాన్ని ఎలా నిలబెడతారో పది నెలలపాటు దగ్గరగా చూశాను. చూసింది చూసినట్టు మీ ముందు పెడతాను.

మా రెండో అబ్బాయి కెన్యా దేశ రాజధాని నైరోబీలో ఉద్యోగం చేస్తున్నాడు. 2020 జనవరిలో నేనూ మా ఇంటావిడా మూడు నెలలు ఉండి వద్దామని వెళ్లాం. మార్చిలో కరోనా వచ్చి విమానాలు ఆగిపోయాయి. మూడు నెలలు కాస్తా పది నెలలయ్యాయి.

ముందుగా ఆ దేశానికీ మనకూ ఉన్న సంబంధం రెండు మాటల్లో చెబుతాను. బ్రిటిషువారు 1896లో మొంబాసా రేవు నుంచి రైలుమార్గం వేయడం మొదలుపెట్టి 1901కి విక్టోరియా సరస్సు ఒడ్డున ఉన్న కిసుము చేర్చారు. ఆ పనికి మన దేశం నుంచి, ముఖ్యంగా పంజాబు నుంచి, దాదాపు 32,000 మంది కూలీలను తీసుకువెళ్లారు. వారిలో సుమారు 2,500 మంది అక్కడే ప్రాణాలు వదిలారు. నైరోబీ నగరం కూడా 1899లో ఆ రైలువారి మజిలీగా పుట్టిందే. పట్టాల వెంబడే మన గుజరాతీ వర్తకులు కొట్లు తెరిచారు. కచ్ నుంచి చిన్నతనంలోనే జాంజిబార్ చేరిన అల్లిదీనా విశ్రామ్ అనే ఆయన ఉగాండా వరకు వరసగా దుకాణాలు పెట్టాడు. 1916లో ఆయన కాలం చేశాడు. ఆయన పేరిట మొంబాసాలో ఇప్పటికీ హైస్కూలు ఉంది. 1920 వరకు ఆ ప్రాంతంలో మన రూపాయే చెలామణి అయింది. షిల్లింగు తర్వాత వచ్చింది.

అందుకే వాళ్ల స్వాహిలీ భాషలో మన మాటలు అడుగడుగునా తగులుతాయి. కొట్టును దుకా అంటారు. డబ్బును పెసా అంటారు. కొత్తిమీరను దానియా అంటారు. బీమాను బీమా అనే అంటారు. ఇక మీకు నచ్చే మాట ఒకటుంది. గుమాస్తాను వాళ్లు కరానీ అంటారు! ఆ మాట వినగానే నాకు మన ఊరి కరణంగారు గుర్తొచ్చారు.

మన తెలుగువారికీ ఆ ఖండంలో కూరగాయల బుట్టతో సంబంధం ఉంది. 1860 నవంబరు 16న మద్రాసు నుంచి బయలుదేరిన ట్రూరో అనే ఓడ దక్షిణాఫ్రికాలోని డర్బన్ రేవు చేరింది. చెరకు తోటల పనికి ఒప్పందం మీద వెళ్లిన ఆ ఓడల్లో తమిళులతోపాటు తెలుగువారూ ఉన్నారు. ఒప్పందం తీరాక చాలామంది చిన్న చిన్న మడులు కౌలుకు తీసుకుని కూరలు పండించి, బుట్టల్లో పెట్టుకుని ఇంటింటికీ తిరిగి అమ్మారు. వారి సంతతివారు 1931లో ఆంధ్ర మహాసభ స్థాపించుకున్నారు. కాబట్టి ఆఫ్రికాలో కూరలమ్మే మనిషి కథ మనకు పరాయి కథ కాదు.

ఇక అసలు విషయానికి వస్తాను.

మా అబ్బాయి ఉండే అపార్టుమెంటు గేటుకు ఎదురుగా, రోడ్డు వారన ఒక కొట్టు ఉంది. కొట్టంటే నాలుగు గుంజలు, పైన రేకు, కింద చెక్కబల్ల, అంతే. నలభై అయిదేళ్ల ఆవిడ నడుపుతుంది. ఇలాంటివారిని అక్కడ మామా మ్బోగా అంటారు. మ్బోగా అంటే కూరగాయలు. మామా అంటే మన మేనమామ కాదు, అమ్మ. కూరలమ్మ అన్నమాట. నైరోబీలో ఏ వీధికి వెళ్లినా ఒక కూరలమ్మ ఉంటుంది. పెళ్లయి పిల్లలున్న ఆడవాళ్లను అక్కడ పెద్దబిడ్డ పేరుతో ఫలానావాడి అమ్మ అని పిలుస్తారు. మన పల్లెల్లో పద్ధతే. ఆవిడ పేరు సభలో చెప్పడం మర్యాద కాదు కనుక కూరలమ్మ అనే అంటాను.

బల్ల మీద టమాటాలు మూడేసి, నాలుగేసి చిన్న గుట్టలుగా పేర్చి ఉంటాయి. ఉల్లిపాయలు, అవకాడోలు, పచ్చి అరటికాయలు ఉంటాయి. ఆకుకూరలు చాలా రకాలు. అందరూ తినేది సుకుమా వీకీ అనే ముదురాకు కూర. ఆ పేరుకు వారాన్ని నెట్టుకొచ్చేది అని అర్థం. చేతిలో డబ్బు తక్కువైనప్పుడు వారం గడిపే కూర అది. తెరెరే అని ఇంకొకటి చూపించింది. మా ఇంటావిడ చేత్తో పట్టుకుని చూసి, "ఇది మన తోటకూరేనండీ!" అని చిన్నపిల్లలా సంబరపడింది. ఆ రోజు నుంచి మాకు ఆ కొట్టే వాడుకైపోయింది.

ఆవిడకు అలాంటి వాడుకవాళ్లు ఎందరున్నారో లెక్కవేసే ప్రయత్నం చేశాను. పాత అలవాటు కదా. మా అపార్టుమెంటు ఇళ్లు, పక్క వీధి ఇళ్లు, వాచ్‌మన్లు, ఇళ్లలో పనిచేసే అమ్మాయిలు, మోటారు సైకిలు బాడుగవాళ్లు అందరూ కలిపి 60కి తగ్గరు. నడిచి పది నిమిషాల దూరంలో పెద్ద సూపర్ మార్కెట్టు ఉంది. అక్కడ ధర కొన్నిటికి తక్కువే. అయినా వీళ్లంతా ఈ బల్ల దగ్గరికే వస్తారు. ఎందుకు వస్తారో నాకు అర్థమైనంతవరకు అంశాలవారీగా చెబుతాను.

మొదటిది పలకరింపు. అక్కడ కొట్టుకు వెళ్లగానే ధర అడగడం మర్యాద కాదు. ముందు హబారి అనాలి, అంటే కబుర్లేమిటని. న్జూరి, అంటే బాగుందని జవాబు. ఆ తర్వాత ఇంట్లోవాళ్ల ఆరోగ్యం, పిల్లల చదువు, అప్పుడు బేరం. ఆవిడ పలకరింపులో అడిగింది గుర్తు పెట్టుకుంటుంది. మా ఇంటావిడకు మోకాళ్ల నొప్పులని ఒకసారి విన్నది. ఆ తర్వాత ఎప్పుడూ ఆమెను నిలబడనివ్వలేదు. బల్ల కింద నుంచి పీట తీసి వేసేది. ఆ పీట ధర ఏ బిల్లులోనూ లేదు.

రెండవది కొసరు. స్వాహిలీలో దీన్ని న్యోంగెజా అంటారు. డబ్బు తీసుకుని సరుకు సంచిలో వేశాక, పైన ఇంకో టమాటానో, రెండు కొత్తిమీర రెబ్బలో వేస్తుంది. ఇది కెన్యాలోనే కాదు. నైజీరియా సంతల్లో దీన్ని జారా అంటారట. ఘనాలో ంతోసో అంటారట. ఖండం ఆ చివర నుంచి ఈ చివర దాకా కొసరు ఉంది. మన సంతల్లో కొసరు గురించి మీకు నేను చెప్పనక్కరలేదు. అయితే ఆవిడ కొసరు వేసే తీరులో ఒక విశేషం గమనించాను. అడిగినవాడికి వేసేది చిన్నది. అడగకుండా నిలబడ్డవాడికి వేసేది పెద్దది. బేరమాడి ధర తగ్గించుకున్నవాడు ఆ రోజుకు గెలిచానని వెళ్లిపోతాడు. కొసరు తీసుకున్నవాడు రేపు మళ్లీ వస్తాడు. ధర తగ్గిస్తే అందరికీ తగ్గించాలి, రేపు కూడా తగ్గించాలి. కొసరు మాత్రం ఆ మనిషికి, ఆ రోజుకు. ఖర్చు చూస్తే రెండిటికీ పెద్ద తేడా ఉండదు.

మూడవది కొనేవాడి చేతిలో ఉన్న డబ్బును బట్టి సరుకు కొలవడం. అక్కడ చాలామందిది రోజు కూలీ. నెల సరుకులు ఒకేసారి కొనలేరు. అందుకని నూనె చిన్న కొలతతో పోస్తారు, పంచదార చిన్న పొట్లం కడతారు. చిన్నదాన్ని కడోగో అంటారు కనుక, ఈ పద్ధతినంతా అక్కడి పత్రికలవాళ్లు కడోగో ఎకానమీ అని రాస్తారు. అర ఉల్లిపాయ అడిగినా ఆవిడ ముఖం చిట్లించుకోవడం నేను చూడలేదు. పైగా సుకుమా వీకీ ఆకును పదునైన కత్తితో దారాల్లాగా సన్నగా తరిగి ఇస్తుంది. సాయంత్రం ఉద్యోగం నుంచి అలసిపోయి వచ్చే ఆడవాళ్లకు ఆ తరిగిన ఆకు అరగంట పని తప్పిస్తుంది. సూపర్ మార్కెట్టు అమ్మేది ఆకు. ఈవిడ ఆకుతోపాటు అరగంట విశ్రాంతి కూడా ఇస్తోంది.

నాలుగవది అప్పు. ఇది నాకు బాగా ఇష్టమైన అంశం. ఏ దేశమైనా చిన్న కొట్టు మునిగేది ఇక్కడే. స్వాహిలీలో అప్పును దెనీ అంటారు. చాలా దుకాల్లో ఈ రోజు అప్పు లేదు, రేపు రండి అనే అర్థంతో బోర్డు రాసి ఉంటుంది. మన కిరాణా కొట్లలో కనిపించే అరువు రేపు బోర్డుకు తోబుట్టువే. కూరలమ్మ దగ్గర ఆ బోర్డు లేదు, ఒక నోటుబుక్కు ఉంది. ఆవిడ నియమాలు మూడు. బాకీని కొనేవాడి కళ్లెదుటే రాసి, చదివి వినిపిస్తుంది. పాత బాకీ తీరితేనే కొత్త బాకీ. మూడవది అన్నిటికన్నా గొప్పది. నలుగురి ముందు ఎప్పుడూ బాకీ మాట ఎత్తదు. మనిషి ఒంటరిగా దొరికినప్పుడు మెల్లగా చెబుతుంది. వాచ్‌మన్‌కు 200 షిల్లింగులు, సంసారులకు 1,000 షిల్లింగులు అని మనసులో ఒక హద్దు కూడా ఉంది. అప్పట్లో షిల్లింగు మన 70 పైసలతో సమానం. "ఈ డబ్బు తిరిగి రాకపోయినా రేపు మార్కెట్టుకు వెళ్లగలనా అని చూసుకుని ఇస్తాను" అని ఆవిడ చెప్పిందట. మా అబ్బాయి తర్జుమా చేశాడు.

ఆ నోటుబుక్కులో రాతలు అడ్డదిడ్డంగా ఉండేవి. నా చేతులు ఊరుకుంటాయా? స్కేలు తీసుకుని తేదీ, పేరు, బాకీ, జమ, నిల్వ అని అయిదు గడులు గీసి ఇచ్చాను. అంతవరకు నన్ను మ్జే, అంటే పెద్దాయనా, అని పిలిచేది. ఆ రోజు నుంచి కరానీ అని పిలవడం మొదలుపెట్టింది. రిటైరైన పన్నెండేళ్లకు నాకు మళ్లీ ఉద్యోగం దొరికింది.

అయిదవది ఫోను డబ్బు. ఎం-పెసా గురించి కొందరు విని ఉంటారు. 2007 మార్చిలో సఫారికామ్ కంపెనీ కెన్యాలో మొదలుపెట్టింది. మొబైలులోని మొదటి అక్షరానికి పెసా చేర్చి పెట్టిన పేరు అది. మన యు.పి.ఐ. వచ్చింది 2016లో. అంటే వాళ్లు మనకన్నా తొమ్మిదేళ్లు ముందు. దానికి బ్యాంకు ఖాతా అవసరం లేదు, ఇంటర్‌నెట్టూ అక్కరలేదు, మామూలు మీటల ఫోను చాలు. వీధి చివర ఏజెంటు దగ్గర నోట్లు ఇస్తే ఫోనులో జమ అవుతుంది. రహస్య అంకె నొక్కితే ఎదుటివాడికి వెళుతుంది. ఇద్దరికీ సందేశం వస్తుంది. 2013 నుంచి కొట్లవాళ్లకు ప్రత్యేకంగా నంబర్లు ఇవ్వడం మొదలైంది. ఈ పద్ధతి కూరలమ్మకు ఇంకో విధంగా ఉపయోగపడింది. ఫోనుకు డబ్బు పంపితే పంపినవారి పేరు కూడా సందేశంలో వచ్చేది. రెండవసారి వెళ్లేసరికి ఆవిడ పేరు పెట్టి పలకరించేది. ఫోనులో నంబరూ ఉండేది. అది ముందు ముందు ఎంత పనికొచ్చిందో చెబుతాను.

ఆరవది చామా. ఇది వాళ్ల చీటీ. పదిమంది కలిసి వారం వారం కొంత సొమ్ము వేస్తారు, మొత్తం ఒక్కొక్కరికి వంతులవారీగా వెళుతుంది. మన చీటీకి ఉండే పాట, తగ్గింపు దీనిలో ఉండవు. ఇథియోపియాలో ఎకుబ్ అని, ఘనాలో సుసు అని, దక్షిణాఫ్రికాలో స్టోక్‌వెల్ అని ఇలాంటివి ఆ ఖండమంతటా ఉన్నాయి. కూరలమ్మ చామాలో ఆ వీధి చిల్లర వ్యాపారస్తులతోపాటు ఆవిడ దగ్గర కొనే పనమ్మాయిలు, ఇద్దరు వాచ్‌మన్లు కూడా ఉన్నారు. హబా నా హబా హుజాజా కిబాబా అని వాళ్ల సామెత. కొంచెం కొంచెంగానే కుంచం నిండుతుందని. చామా కలిసేది ఈ బల్ల దగ్గరే. ఇంట్లో చావైనా, పిల్లవాడి స్కూలు ఫీజైనా చందాలు పోగయ్యేదీ ఇక్కడే. దాన్ని హరాంబే అంటారు, అందరం కలిసి లాగుదాం అని అర్థం. కెన్యా ప్రభుత్వ చిహ్నం మీదే ఆ మాట ఉంటుంది. కొట్టు అంటే సరుకు కొనే చోటుగా మాత్రమే మిగలకుండా, వీధివాళ్లు కలుసుకునే రచ్చబండ అయింది.

ఇవన్నీ మంచిరోజుల మాటలు. పరీక్ష 2020లో వచ్చింది.

మార్చి 27 నుంచి దేశమంతటా రాత్రి 7 గంటల నుంచి తెల్లవారి 5 గంటల వరకు కర్ఫ్యూ పెట్టారు. ఏప్రిల్ 6 నుంచి మూడు నెలలు నైరోబీ ప్రాంతం సరిహద్దులు మూసేశారు. కూరలమ్మ వ్యాపారమంతా ఆ మూసేసిన గంటల్లోనే ఉంది. తెల్లవారుజామున 4 గంటలకు వాకులీమా టోకు మార్కెట్టుకు వెళితేనే మంచి సరుకు దొరుకుతుంది. సాయంత్రం 6 నుంచి 8 మధ్య జనం పని నుంచి ఇళ్లకు వచ్చేటప్పుడే ఎక్కువ అమ్ముడుపోతుంది. రెండూ పోయాయి. ఇక్కడ మీకొక విషయం చెప్పాలి. చిన్న వ్యాపారికి పెట్టుబడి వేరు, ఇంటి ఖర్చు వేరు అని రెండు పెట్టెలు ఉండవు. అమ్మకం ఆగిన నాలుగో రోజు నుంచి పెట్టుబడినే తినాల్సి వస్తుంది. అది తినేశాక కొట్టు మళ్లీ తెరవడం ఉండదు. రెండు వారాలు గడిచేసరికి బల్ల మీద సరుకు సగమైంది. ఒకరోజు అసలు బల్లే ఖాళీగా ఉంది.

ఆ సాయంత్రం మా అపార్టుమెంటులో ఉండే కెన్యా స్కూలు టీచరమ్మ ఒకావిడ ఇంటింటికీ తిరిగింది. తలా 500 షిల్లింగులు ముందుగా ఫోనులో పంపుదాం, ఆవిడ కూరల రూపంలో తీర్చుకుంటుంది అని చెప్పింది. 14 ఇళ్లవాళ్లం పంపాం. మొత్తం 7,000 షిల్లింగులు. మన లెక్కలో దాదాపు 5,000 రూపాయలు. ఒక పూట మనం హోటలుకు సకుటుంబంగా వెళితే అయ్యే ఖర్చు. ఆ సొమ్ముతో ఒక కొట్టు బతికింది.

ఆవిడ ఏం చేసిందో వినండి. ఫోనులో ఉన్న నంబర్ల ప్రకారం అందరికీ ఫోను చేసి ఎవరికేమి కావాలో ముందురోజే రాసుకునేది. దాంతో సరుకు మిగిలి కుళ్లిపోవడం తగ్గింది. అక్కడ మోటారు సైకిలు బాడుగలను బోడా బోడా అంటారు. ఉగాండా సరిహద్దు దగ్గర ఈ గట్టు నుంచి ఆ గట్టుకు మనుషులను చేరవేయడంలో పుట్టిన పేరట. ఆవిడ వాడుకదార్లలో ఒక బోడా కుర్రవాడికి కర్ఫ్యూ వల్ల బాడుగలు లేవు. అతను సంచులు గేటు దాకా తెచ్చి ఇచ్చేవాడు. మొదట ఫోను చేసేది ముసలివాళ్లున్న ఇళ్లకే. మాకు ఏడు దాటకముందే ఫోను వచ్చేది. మా సంచిలో అడగకుండానే అల్లం ముక్క, రెండు నిమ్మకాయలు ఉండేవి. అంత కష్టంలోనూ కొసరు మానలేదు.

అంతా తీపిగానే జరిగిందని చెబితే అబద్ధమవుతుంది. ఉద్యోగాలు పోయి ఊళ్లకు వెళ్లిపోయిన రెండు కుటుంబాల బాకీ ఆవిడకు తిరిగి రాలేదు. హద్దు దాటి అప్పు అడిగిన ఒకాయనకు ఇవ్వనంది. ఆయన వీధిలో నానా మాటలు అన్నాడు. ఆవిడ బదులు చెప్పలేదు, అప్పూ ఇవ్వలేదు. ఆయన భార్యకు మాత్రం ఆకుకూర ఇచ్చి పంపింది, పుస్తకంలో రాయకుండా. దయ వేరు, అప్పు వేరు అని ఆవిడకు తెలుసు. రెండిటినీ కలిపేస్తే రెండూ పోతాయి. ఆగస్టు నాటికి 14 ఇళ్ల ముందస్తు సొమ్మూ కూరల రూపంలో తీరిపోయింది. నా అయిదు గడుల పుస్తకంలో నిల్వ సున్నా అని నేనే రాశాను.

అదే సంవత్సరం అక్కడ ఇంకో సంగతి జరిగింది. నకుమాట్ అని తూర్పు ఆఫ్రికాలో పేరుమోసిన సూపర్ మార్కెట్ల సంస్థ. నకూరు పట్టణంలో పరుపుల కొట్టుగా మొదలై, ఒక దశలో 60కి పైగా శాఖలకు పెరిగింది. సరుకు సరఫరా చేసినవారికి, అద్దె యజమానులకు, బ్యాంకులకు బకాయిలు పేరుకుపోయాయి. సరఫరాదార్లు సరుకు ఆపేశారు, అరలు ఖాళీ అయ్యాయి, 2020 జనవరిలో అప్పులవాళ్లు సంస్థను మూసేయడానికే ఓటు వేశారు. కూరలమ్మ బల్ల గొప్పది, సూపర్ మార్కెట్టు చెడ్డది అని నేననను. ఒక్క తేడా చూడండి. కూరలమ్మ వాకులీమాలో టోకు వర్తకుడికి ఏ రోజు బాకీ ఆ రోజు తీర్చేది. అందుకే కర్ఫ్యూలో ఆవిడ ఆలస్యంగా వెళ్లినా ఆయన రెండు గోనెలు పక్కన పెట్టి ఉంచేవాడు. కొనేవారి నమ్మకం ఎంత ముఖ్యమో, మనకు అమ్మేవారి నమ్మకమూ అంత ముఖ్యం. ఈ రెండవది చాలామంది మరచిపోతారు.

ఇంకొక మాట కూడా చెప్పకపోతే న్యాయం కాదు. ఉదయపు నడకలో నాకు పరిచయమైన గుజరాతీ పెద్దాయన ఒకరున్నారు. ఉగాండాలో వారి తండ్రిగారికి దుకాణం ఉండేది. 1972లో ఈదీ అమీన్ ఆసియావారంతా 90 రోజుల్లో దేశం వదలాలన్నప్పుడు తాళం వేసి వచ్చేశారు. "వాడుకవాళ్లు ఏడ్చారు, ఒకతను పాత బాకీ కూడా తెచ్చి చేతిలో పెట్టాడు. కాని ఎవరూ ఆపలేకపోయారు" అన్నారాయన. వాడుకవాళ్ల అభిమానం పోటీ నుంచి కొట్టును కాపాడుతుంది, రోగాలూ కర్ఫ్యూలూ వచ్చినప్పుడు కాపాడుతుంది. రాజు కన్నెర్ర చేస్తే దాని శక్తి చాలదు. ఏ మందుకైనా పనిచేసే మేర ఒకటుంటుంది.

ఇక పార్కులో మిత్రులు అడిగిన ప్రశ్నకు నా జవాబు. పిల్లలు కొట్టుకు డబ్బు అడిగినప్పుడు అద్దె ఎంత, అలంకరణ ఎంత, బోర్డు ఎంత అని మాత్రమే లెక్క చూడకండి. మొదటి పాతికమంది వాడుకవాళ్లు ఎవరని అడగండి. పేర్లు చెప్పగలిగితే కొంత ఇవ్వండి. అప్పు పుస్తకం ఎవరు రాస్తారు, హద్దు ఎంత అని అడగండి. ఆ రాసే పని మనలాంటివారు తీసుకోవచ్చు, పనికిరాని వయసు కాదు మనది. మూడవది, ఉన్నదంతా ఇవ్వకండి. కూరలమ్మ సూత్రమే మనకూ వర్తిస్తుంది. తిరిగి రాకపోయినా మన మందులకు, మన భోజనానికి లోటు లేనంత మేరకే ఇవ్వాలి. కమ్యుటేషన్ చేసిన పెన్షన్ భాగం పదిహేనేళ్లకుగాని తిరిగి పూర్తిగా చేతికి రాదని మీకు నేను చెప్పాలా!

ఈ మాటలు మా ఇంట్లో భోజనాల దగ్గర చెప్పినప్పుడు మా మనవరాలు, "తాతయ్యా, ఇప్పుడంతా ఫోనులో ఆర్డరు పెడితే పది నిమిషాల్లో వస్తోంది కదా, కొసరు ఎవరిక్కావాలి?" అంది. మంచి ప్రశ్నే. నైరోబీలోనూ ఇప్పుడు ఇంటికి తెచ్చిచ్చే కంపెనీలు వచ్చాయి. కొందరు అటు వెళ్లారు కూడా. 2023లో మేము మళ్లీ వెళ్లినప్పుడు కూరలమ్మను ఇదే అడిగాను. చేమా చాజియూజా, కిబాయా చాజితెంబేజా అని సామెత చెప్పి నవ్వింది. మంచి సరుకు తనను తానే అమ్ముకుంటుంది, చెడ్డ సరుకు వీధులు తిరిగి చాటుకోవాలి అని అర్థం. బల్ల ఉన్నచోట ఇప్పుడు రేకుల గది ఉంది. బయట ఎం-పెసా నంబరు రంగుతో రాసి ఉంది. పెద్దమ్మాయి నర్సింగు చదువుతోంది. వాడుకవాళ్లు కొందరు తగ్గారు, కొందరు కొత్తవాళ్లు చేరారు. అప్పు పుస్తకం మాత్రం ఇంకా చేత్తోనే రాస్తోంది. అయిదు గడులూ ఉన్నాయి. ఇప్పుడు గీతలు కూతురు గీస్తోంది.

మా ఇంటావిడ కోసం పీట కూడా వచ్చింది.

మిత్రులారా, అరగంట అయినట్టుంది. కార్యదర్శిగారు గడియారం చూస్తున్నారు. మన సంఘ సభ్యుల కుటుంబాలలో ఇప్పటికే చిన్న కొట్లు, టిఫిన్ సెంటర్లు, కుట్టుపని చేసేవారు ఎందరున్నారో ఒక జాబితా తయారు చేసి, వచ్చే సంచికలో ప్రకటించవలసిందిగా కార్యవర్గాన్ని కోరుతున్నాను. మనం నెలకు ఒకసారైనా వారి దగ్గర కొంటే అదే పెద్ద సాయం. జాబితా రాసే పనికి నేను సిద్ధంగా ఉన్నాను. కొసరు అడగను.